ముందు అక్కకే చెప్పింది

బడి ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో పొద్దున ఏడున్నరంటే యుద్ధమే. ఇంటాయనకు ఒక కాలి మేజోడు దొరుకుతుంది, రెండోది దొరకదు. తొమ్మిదేళ్ళ కూతురు ఉడత నోట్లో బ్రెడ్డు ముక్క పెట్టుకుని, నమలకుండా కిటికీలోంచి బస్సులు లెక్కపెడుతూ ఉంటుంది. వాళ్ళిద్దరినీ బయటికి తరిమి, తను కూడా ఎనిమిదిన్నరకల్లా డ్రైక్లీనింగ్ షాపులో ఉండాలి ఆమె. బట్టల మీద ఎలాంటి మరకైనా తీసేస్తుందని షాపులో అందరూ ఆమెను మరకలమ్మ అని పిలుస్తారు. సిరా, తుప్పు, గ్రీజు, ఎప్పటిదో తెలియని టీ, ఏదైనా సరే ఆమె చేతిలో పడితే వదిలిపోవలసిందే.

"కదలకే! పాయ వంకర పోతోంది," అంది ఆమె, ఉడత జుట్టు దువ్వెనతో విడదీస్తూ.

"అక్క అల్లితే లాగినట్టే ఉండదమ్మా."

"మీ అక్కకేం, ఆదివారం ఒక్క పూట. తీరిగ్గా అల్లుతుంది. మిగతా ఆరు రోజులూ నా ప్రాణానికే కదా."

మాట సరదాగానే అంది కానీ లోపల కలుక్కుమంది. అసలు ఉడత అన్న పేరే వాళ్ళక్క పెట్టింది. తను పాపను ముద్దుగా ఇంకేదో పిలుచుకునేది. ఒకసారి అక్క "ఏమే ఉడతా" అనేసరికి ఆ పిలుపే ఇల్లంతా పాకి, ఆమె నోటికి కూడా అంటుకుపోయింది.

జడ ముగించి, భోజనం డబ్బా పుస్తకాల సంచీలో పెట్టబోతే అది లోపలికి దిగలేదు. అడుగున గట్టిగా ఏదో అడ్డం పడింది. పైకి తీసి చూసింది. నల్లటి డొక్కు పెట్టె. మూత తెరిస్తే ఎర్ర ఫ్రేము కళ్ళజోడు, చిన్నపిల్లలది.

"ఇదెవరిదే?"

ఉడత బ్రెడ్డు ముక్క గబుక్కున మింగింది. "నాదే."

"నీదేంటి?"

"నల్లబల్ల మీద రాసింది కనపడట్లేదు కదా. అక్క చేయించింది. బళ్ళో పెట్టుకుంటా."

"ఎప్పుడు చేయించింది?"

"సెలవుల్లో."

సెలవులైపోయి నాలుగు నెలలైంది. ఒక అద్దం కంటి దగ్గర పెట్టుకుంటే గది మొత్తం మసకబారి చిన్నదైపోయింది. తను కన్న పిల్లకు చూపు ఇంత తక్కువని నాలుగు నెలలుగా తనకు తెలియదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఏడుస్తావని," అంది ఉడత చాలా మామూలుగా. "మొన్న పన్ను విరిగినప్పుడు ఏడ్చావు కదా. అక్క ఏడవదు."

ఆమె భర్త వైపు తిరిగింది. రెండో మేజోడు దొరికినా ఆయన ఇంకా మంచం కిందే వెతుకుతున్నాడు.

"మీకు తెలుసా?"

లిఫ్టు మెకానిక్‌గా ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసిన మనిషి. పదంతస్తుల గోతిలో భయం లేకుండా వేలాడతాడు గానీ, ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే చాలు, పనిముట్ల సంచీ వెతుక్కుంటాడు.

"ఈమధ్యే తెలిసింది. పెద్దది నీకు తనే నెమ్మదిగా చెబుతానంది. నన్ను మధ్యలోకి లాగకు."

"ముగ్గురికీ తెలుసన్నమాట. తండ్రికి, ఇద్దరు కూతుళ్ళకీ. ఒకటే నెత్తురు కదా మీది. ఈ ఇంట్లో పరాయిదాన్ని నేనొక్కదాన్నే!"

"అదేం మాట? కన్నది నువ్వు."

"కన్నాను. అంతవరకే."

ఉడత ఇద్దరి మొహాలూ చూసి, సంచీ భుజాన వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళిపోయింది.

*

పెద్దమ్మాయికీ ఉడతకూ తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. వయసులో పంతొమ్మిదేళ్ళ తేడా. పెద్దమ్మాయికి పధ్నాలుగో ఏట తల్లి పోయింది. నాలుగేళ్ళ తర్వాత ఆ ఇంట్లోకి మరకలమ్మ రెండో భార్యగా వచ్చింది. అప్పటికామెకు ముప్పై ఒకటి. ఎన్నో అనుకుని వచ్చింది. ఎదిగిన పిల్ల, తల్లి అనిపించుకోవడం కష్టమే, కనీసం స్నేహంగా ఉంటే చాలనుకుంది. పక్క సర్దబోతే, పళ్ళెం కడగబోతే, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేయబోతే, ప్రతిసారీ ఒకే మాట వినపడేది. "పర్వాలేదు పిన్నిగారూ, నేను చేసుకుంటాను."

కోపంగా అంటే బాగుండేది. తిరిగి ఒక మాట అనొచ్చు, పోట్లాడొచ్చు, ఆ తర్వాత కలిసిపోవచ్చు. పెద్దమ్మాయి ఎప్పుడూ చిరునవ్వుతోనే అనేది. షాపుకొచ్చిన ఖాతాదారులతో మాట్లాడినంత మర్యాదగా.

ఉడత పుట్టాక ఆ మర్యాద కరుగుతుందని ఆశపడింది. కరిగింది, కానీ ఉడత దగ్గర మాత్రమే. మూడేళ్ళ క్రితం పెద్దమ్మాయి కళ్ళజోళ్ళ షాపుకు దగ్గరగా ఉంటుందని వేరే గది తీసుకుని వెళ్ళిపోయింది. అక్కడ లెన్సుల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. ఆదివారం తొమ్మిదికల్లా వచ్చేసేది. ఎనిమిదిన్నర నుంచే ఉడత మెట్ల మీద కాపలా. ఆ తర్వాత సాయంత్రం దాకా ఇద్దరిదీ ఒకటే గుసగుసలు, ఒకటే ఇకఇకలు. అక్కలాగే ఉడత కూడా నవ్వేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. అక్కలాగే టీలో బ్రెడ్డు ముంచి, చివర మాత్రం తినకుండా వదిలేసేది. వీధిలో కొత్తవాళ్ళు "మీ అమ్మాయా?" అని పెద్దమ్మాయిని అడిగేవారు. ఒకసారి బళ్ళో ఒక టీచరమ్మ నెరిసిన జుట్టు చూసి, మరకలమ్మనే "అమ్మమ్మగారా?" అంది.

*

ఆ పొద్దున షాపులో ఆమె తెల్లటి చొక్కా మీద సిరా మరక తీయబోయి, తప్పు సీసా అందుకుని, మరకను అరచెయ్యంత చేసింది. యజమాని నోరెళ్ళబెట్టాడు. ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. మధ్యాహ్నం విరామానికి ఆమె తిండి మానేసి రెండు స్టాపుల అవతల ఉన్న కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళింది.

పెద్దమ్మాయి తెల్లకోటు వేసుకుని ఒక పెద్దాయన ముక్కు మీద ఫ్రేము సరిచేస్తోంది. ఆమెను చూడగానే నిలబడింది.

"పిన్నిగారూ! మీరేంటి ఇక్కడ? కూర్చోండి."

"కూర్చోవడానికి రాలేదు. నా కూతురికి కళ్ళు కనపడటం లేదని ఎప్పుడు చెబుదామనుకున్నావు? పెళ్ళిచూపుల రోజా?"

పెద్దాయన అద్దంలోంచి ఇద్దరినీ ఆసక్తిగా చూస్తూ, "మీ అమ్మగారా?" అన్నాడు.

"కాదు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అంత వేగంగా ఇద్దరూ ఏ విషయంలోనూ ఎప్పుడూ కలవలేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తను అన్నందుకు కాదు, పెద్దమ్మాయి కూడా అన్నందుకు.

"చెప్పాల్సింది పిన్నిగారూ. నాదే తప్పు. క్షమించండి," అంది పెద్దమ్మాయి నెమ్మదిగా.

ఆ నెమ్మదే ఆమెకు పడదు. "నీ తప్పులూ నీ క్షమాపణలూ నాకొద్దు. పన్ను ఊడితే నీకు చెబుతుంది, మార్కులు తగ్గితే నీకు చెబుతుంది. నేను వండి పెట్టి, ఉతికి, దువ్వి పంపాలి. మనసు మాత్రం నీకు అప్పజెప్పాలి. నీకు పిల్ల కావాలంటే పెళ్ళి చేసుకుని కను. నా పిల్లను లాక్కోకు. ఇక ఆదివారాలు రానక్కర్లేదు."

పెద్దమ్మాయి పెదవులు కదిలాయి. ఏదో అనబోయింది. ఆ మాట మింగేసి, "సరేనండి," అంది.

బయటికి వచ్చాక ఆమెకు గెలిచినట్టు అనిపించింది. స్టాపు దగ్గర బస్సు కోసం నిలబడేసరికి ఆ గెలుపు ఎక్కడికో పోయింది.

*

ఆ ఆదివారం అక్క రాలేదు. "పని ఎక్కువట," అని చెప్పింది ఆమె. ఉడత తల ఊపింది. రెండో ఆదివారం కూడా ఎనిమిదిన్నరకు వెళ్ళి మెట్ల మీద కూర్చుని, పదింటికి తనే లేచి వచ్చేసింది. ఏడవలేదు, అలగలేదు. ఆమెకు లోలోపల సంతోషంగానే ఉంది. ఇక పిల్ల తనదే. ఉడతను దగ్గర కూర్చోబెట్టుకుని కథలు చెప్పింది, పార్కుకు తీసుకెళ్ళింది, కొత్త గౌను కుట్టించింది. ఉడత ప్రతిదానికీ "థాంక్స్ అమ్మా" అనేది.

"చూశారా, ఎంత బుద్ధిగా ఉంటోందో," అంది భర్తతో.

"మరీ బుద్ధిగా ఉంది," అన్నాడాయన. "బాగు చేసిన లిఫ్టు చప్పుడు చేయకపోతే నాకు భయమేస్తుంది. ఎక్కడో ఏదో తెగి ఉంటుంది."

"మీ లిఫ్టుల గోల నా దగ్గర చెప్పకండి."

మూడో ఆదివారం పొద్దున ఉడత అద్దం ముందు నిలబడి జుట్టు దువ్వుకుంటోంది. వెనక పాయలు అందడం లేదు. ఆమె నవ్వుతూ దువ్వెన తీసుకోబోయింది.

ఉడత చిన్నగా నవ్వి, పక్కకు జరిగింది.

"పర్వాలేదమ్మా. నేను చేసుకుంటాను."

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అదే నవ్వు, అదే మర్యాద, అవే మాటలు. గొంతు మాత్రమే చిన్నది. పదేళ్ళుగా ఎన్ని వందల సార్లు విన్నదో ఆ మాట. అది ఒకరు నేర్పితే వచ్చే మాట కాదని, ఎవరికీ కనపడకుండా ఏడవడం నేర్చుకున్న పిల్లలకు దానంతట అదే వస్తుందని ఆమెకు ఆ క్షణంలో తట్టింది. ఇన్నాళ్ళూ ఆ మాట విని తను నొచ్చుకుంది గానీ, అన్న పిల్ల లోపల ఏముందో ఒక్కసారీ అడగలేదు.

దువ్వెన బల్ల మీద పెట్టి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటికి నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"మీ పెద్ద కూతురి దగ్గరికి."

"పోట్లాడ్డానికా?"

"నాకే తెలీదు."

*

మూడో అంతస్తులో ఒంటి గది. తలుపు తీసే ఉంది. పెద్దమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తోంది. అప్పటికే అద్దంలా మెరుస్తున్న నేల. ఆదివారం పొద్దున చేయడానికి ఏ పనీ లేని మనిషి చేసే పని అది.

"రండి పిన్నిగారూ. కాళ్ళు తడుస్తాయి, జాగ్రత్త."

అంత మర్యాద ఆ పూట ఆమె తట్టుకోలేకపోయింది. అడగడానికి వచ్చిన మాట ఒకటి, నోట్లోంచి ఊడిపడింది ఇంకొకటి.

"దాన్ని కూడా నీలాగే చేశావు కదా! ఇంట్లోనే ఉండి ఆమడ దూరంలో ఉంటోంది. నీకు తృప్తిగా ఉందా?"

పెద్దమ్మాయి తడిగుడ్డను బక్కెట్లోకి విసిరికొట్టింది. నీళ్ళు చింది ఆమె చీలమండల మీద పడ్డాయి.

"నేనేం చేశాను? రావద్దంటే రావడం మానేశాను. ఇంకేం చెయ్యాలి? నీకేం తెలుససలు?"

మీరు పోయి నువ్వు వచ్చిందని ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. ఆమెకు మాత్రం ఆ మాట ఒంటికి వెచ్చగా తగిలింది.

"చెప్పు. ఇవాళైనా చెప్పు."

"దాన్ని చూస్తే నాకు కుళ్ళు! వింటున్నావా? పుట్టిన రోజు నుంచీ కుళ్ళే. పడితే లేపడానికి నువ్వున్నావు. పన్ను విరిగితే ఏడవడానికి నువ్వున్నావు. నాన్న కూడా, దానికి దొరికిన నాన్న వేరు. నాకు దొరికినాయన రెండు షిఫ్టులు చేసొచ్చి, బూట్లు విప్పకుండా నిద్రపోయేవాడు. దానికి దొరికినాయన గుర్రమై వీపు మీద ఎక్కించుకుంటాడు. నువ్వు దాన్ని ముద్దు పెట్టుకుంటుంటే నేను వంటింట్లోకి పోయి కుళాయి విప్పుకుని నిలబడేదాన్ని. ఆ ముద్దుల చప్పుడు నాకు వినపడకూడదని."

ఆమె మంచం అంచు మీద కూలబడింది. "మరి దాన్ని అంత ప్రేమగా..."

"అది నన్ను ఊరుకోనిస్తేగా! పాకే రోజుల్లో నేను బయటి నుంచి రాగానే వచ్చి బూటు లేసు నోట్లో పెట్టుకునేది. విదిలించుకున్నా మళ్ళీ వచ్చేది. కసిరితే నవ్వేది. ఎన్నాళ్ళని మొహం మాడ్చుకుంటాను? ఒకరోజు ఎత్తుకున్నాను, అంతే. ఆ రోజు నుంచీ దించలేకపోయాను." పెద్దమ్మాయి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "కళ్ళజోడు సంగతి నిజంగా నా తప్పే. అది చెప్పొద్దంది, నిజమే. కానీ నేను ఆగింది అందుకు కాదు. దాని గురించి నాకు తెలిసి నీకు తెలియనిది ఒక్కటైనా ఉందనుకుంటే నాకు బాగుండేది. రేపు చెబుదాం, రేపు చెబుదామంటూ నాలుగు నెలలు దాచుకున్నాను. అంత నీచంగా ఉన్నాను."



"నీచమైతే నేనూ నీచమే," అంది ఆమె. "నాకూ ఉడత మీద కుళ్ళే."

"నీ కూతురి మీదా?"

"అవును, నా కూతురి మీదే. నీ మీద అనుకున్నాను ఇన్నాళ్ళూ. దారిలో వస్తూ ఆలోచిస్తే తెలిసింది. మీ ఇద్దరూ నవ్వుకుంటారు. నేను గదిలోకి రాగానే ఆ నవ్వు ఆగిపోతుంది. అది నాకు చెప్పనందుకు ఎంత ఏడ్చానో, నువ్వు దానితో ఉన్నట్టు నాతో లేనందుకూ అంతే ఏడ్చాను. పదేళ్ళలో ఒక్కసారి నా మీద విసుక్కున్నావా? ఒక్కసారి తలుపు దభాలున వేశావా? నీ మొదటి ఉద్యోగానికి కోటు ఇస్త్రీ చేస్తానంటే నువ్వే చేసుకున్నావు. ఊళ్ళో అందరి కోట్లూ నా చేతుల మీదుగానే పోతాయి. నీది ఒక్కటీ రాలేదు."

పెద్దమ్మాయి తడి నేల మీదే చతికిలబడింది.

"నువ్వు చెడ్డదానివైతే నాకు తేలికయ్యేది," అంది మెల్లగా. "నువ్వొచ్చేసరికి అమ్మ పోయి నాలుగేళ్ళు. ఆమె గొంతు అప్పటికే మరిచిపోతున్నాను. నువ్వేమో వచ్చిన రోజు నుంచీ మంచిగా ఉన్నావు. కోటు ఇస్తే అది బాగా ఇస్త్రీ చేస్తావని తెలుసు. నాకు బాగుంటుంది. అలా బాగుంటూ బాగుంటూ అమ్మ పూర్తిగా పోతుందని భయమేసింది. అందుకే దేనికీ చెయ్యి చాపలేదు. తర్వాత చాపుదామన్నా అలవాటు పోయింది."

ఆమె మంచం దిగి వచ్చి ఆ తడి నేల మీదే పక్కన కూర్చుంది. ఏం చెయ్యాలో తెలియక ముందు భుజం మీద చెయ్యి వేసింది. పెద్దమ్మాయి పర్వాలేదనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడుస్తూ ఆమె మెడ వంపులో తల దాచుకుంది. ఆమె ఆ పిల్ల జుట్టు నిమురుతూ, "మీ అమ్మ గురించి నేనెప్పుడూ అడగలేదు," అంది. "అడిగితే నొచ్చుకుంటావనుకున్నాను. తప్పే. చెప్పు, ఎలా ఉండేది?"

పెద్దమ్మాయి చెప్పింది. కోపమొస్తే ఎలా పళ్ళు కొరికేదో, లెక్కలు ఎంత తప్పుగా నేర్పేదో, అన్నీ చెప్పింది. మధ్యలో భర్త మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి ఎత్తారు.

"ఇద్దరూ బతికే ఉన్నారా?" అన్నాడాయన భయం భయంగా. "ఎవరు గెలిచారు?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆయనకు జవాబు చెప్పకుండానే ఫోన్ పెట్టేశారు.

*

వాళ్ళు ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. నడుస్తూ ఆయన గురించే మాట్లాడుకుంటూ వచ్చారు. పెళ్ళికి ముందు కూతురికి వండి పెడతానని గిన్నెలు ఎలా మాడ్చాడో పెద్దమ్మాయి చెబుతుంటే, పెళ్ళయ్యాక తన ముందు వంట మాస్టర్లా ఎలా పోజు కొట్టాడో ఆమె చెప్పింది. మెట్లెక్కుతూ ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

పై మెట్టు మీద ఉడత నిలబడి ఉంది. జడ ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు కిందికి ఉంది. అక్కను చూడగానే ఆ మొహం వెలిగింది. రెండు మెట్లు దూకింది. అంతలోనే ఆగి, అమ్మ వైపు, అక్క వైపు మార్చి మార్చి చూసింది.

"ఎందుకు నవ్వుతున్నారు?"

"ఏం లేదే," అంది అక్క.

"ఏం లేకుండా ఎవరైనా నవ్వుతారా? నేను లేకుండా ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారు?"

"మా మాటలు మాకుంటాయి," అంది అమ్మ.

ఉడత మూతి ముడుచుకుంది. నడుం మీద చేతులు పెట్టుకుంది. కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. "అక్క నాది. ముందు నాకు చెప్పాలి. అమ్మ కూడా నాదే. మీరిద్దరూ ఒక జట్టైపోతే మరి నేను?"

మూడు వారాలుగా థాంక్స్ అమ్మా, పర్వాలేదమ్మా అంటున్న పిల్ల అంత గట్టిగా అరిచేసరికి పక్కింటి తలుపు తెరుచుకుంది. ఆ ముడుచుకున్న మూతిని, ఆ చూపును ఆమె గుర్తుపట్టింది. ఇన్నాళ్ళూ ప్రతి ఆదివారం వంటింటి గుమ్మంలో తను నిలబడి చూసిన చూపే అది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. పెద్దమ్మాయి కూడా పక్కనే కూలబడి, "రావే కుళ్ళుబోతూ," అంటూ చేతులు చాపింది.

ఉడత వెంటనే రాలేదు. ముక్కు ఎగపీల్చి, ఇద్దరినీ కాసేపు పరీక్షగా చూసింది.

"జరగండి," అంది. "మధ్యలో నేను కూర్చుంటా."

ఆ మెట్టు ఇద్దరికే చాలా ఇరుకు. అయినా ఇద్దరూ చెరోవైపు జరిగారు.